చెట్టు కింద కూచున్నదెవరు?

"బొమ్మను బొమ్మలా చూడాలమ్మా! ఆ రేఖ చూడు, ఆ నీడ చూడు, ఆకుల్లో గాలి ఆడినట్టు ఎలా గీశాడో చూడు. అంతేగాని అందులో మనుషులెవరు, పొద్దున్నేం తిన్నారు, వాళ్ల కొంప ఎక్కడ అని ఆరా తియ్యడం రసికత కాదు" అని పెద్దమనుషులు సెలవిస్తుంటారు. అడక్కుండా ఉండటమే రసికత అని ఎవరు తీర్మానించారో నాకు తెలీదు. మనం ఆడవాళ్లం. పెళ్లికి వెళితే పెళ్లికూతురి చీర అంచు ఒక్కటే చూసి ఊరుకోం. పెరట్లో అంట్లు తోముతున్న మనిషికి విస్తరి వేశారో లేదో కూడా మన కంట పడుతుంది. బొమ్మ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ కన్ను మూసుకోవాలంటే ఎలా?

నేను చెప్పేది పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లీషువాళ్లు గీసుకున్న పల్లెటూరి దృశ్యాల సంగతి. మీరూ చూసే ఉంటారు. ఓ పెద్ద చెట్టు, వంకర తిరిగిన బాట, చిన్న మడుగు, అందులో నీళ్లు తాగే ఆవులు, దూరాన చర్చి శిఖరం. ఎక్కడో ఓ మూల గోరంత మనిషి. కట్టెల మోపు ఎత్తుకునో, గొర్రెల వెనకో, లేదా ఊరికే చెట్టుకి చేరగిలబడో ఉంటాడు. కళా పండితులు ఈ గోరంత మనుషులందరికీ కలిపి 'స్టాఫేజ్' అని ఓ పేరు పెట్టారు. అంటే దృశ్యం బోసిపోకుండా చల్లే సరుకన్నమాట. కూరలో కరివేపాకు సంగతి మనకు తెలియంది కాదుగదా! వాసనకి కావాలి, విస్తట్లో పక్కకి తీసెయ్యాలి.

నా తగాదా అంతా ఈ కరివేపాకు గురించే.

ఆ కాలపు చిత్రకారుల్లో థామస్ గెయిన్స్‌బరో (1727–1788) నాకు ప్రాణం. నల్ల సుద్దతో, నీళ్ల రంగుతో ఆయన గీసిన దృశ్యాలు చూస్తుంటే చెట్లు ఊపిరి పీలుస్తున్నట్టే ఉంటాయి. డబ్బున్నవాళ్ల మొహాలు గీసి పొట్టపోసుకునేవాడు. మనసుకోసం మాత్రం ఈ పల్లెలు గీసుకునేవాడు. ఆ కాగితాలు అమ్ముకోలేదు, చాలామటుకు స్నేహితులకి ఊరికే ఇచ్చేసేవాడు. బల్లమీద రాళ్లు, ఎండుగడ్డి, అద్దం ముక్కలు పేర్చుకుని, రాళ్లని కొండలుగా, అద్దాన్ని చెరువుగా ఊహించుకుని గీసేవాడని ఆయన పోయాక రెనాల్డ్స్ అంతటివాడు సభలో చెప్పాడు. మన సంక్రాంతి బొమ్మల కొలువులాగే లేదూ!

ఈ మహానుభావుడే 1767లో విలియం జాక్సన్ అనే సంగీతకారుడైన స్నేహితుడికి ఓ ఉత్తరం రాశాడు. దృశ్యచిత్రంలో మనుషులెందుకయ్యా అంటే, ఓ జాగా నింపడానికి, కంటికి కాసేపు చిన్న పని కల్పించడానికి. ఆ పని అయ్యాక కన్ను మరింత సంబరంగా చెట్ల దగ్గరికి తిరిగొస్తుంది అని దాని సారాంశం. ఇంకేం, పెద్దమనుషులకి పండగే. "చూశావా, గీసినవాడే చెప్పాడు, అక్కడ అర్థమేమీ లేదని!"

నాకు తెలీకడుగుతాను. ఇంట్లో చుట్టాలొచ్చినప్పుడు చాప ఖాళీగా కనిపిస్తోందని ఎవర్నైనా కూచోబెట్టాలంటే ఎవర్ని కూచోబెడతారు? కలెక్టరు గార్నా? గెయిన్స్‌బరో జాగా నింపడానికి జమీందారుని వాడుకోలేదే! జమీందారు వస్తే బొమ్మ మొత్తం ఆయనదే అయిపోతుంది, ముందు డబ్బు పుచ్చుకుని మరీ ఆయన పోలిక దించాలి. జాగా నింపేందుకు పేదవాడే దొరికాడు. అర్థం లేదంటారేం, అర్థం సరిగ్గా అక్కడే ఉంది.

ఇంతకీ ఆ జాగాలో అప్పుడు జరుగుతున్నదేమిటో కాస్త చూద్దాం. ఇంగ్లండు పల్లెల్లో ఊరుమ్మడి భూములుండేవి. సెంటు భూమి లేనివాడు కూడా అక్కడ ఆవుని మేపుకోవచ్చు, బాతుల్ని వదులుకోవచ్చు, ఎండుపుల్లలు ఏరుకుని పొయ్యి రాజేసుకోవచ్చు. భూస్వాములకి ఇది కంటగింపైంది. పార్లమెంటులో కూచున్నదీ భూస్వాములే కాబట్టి ఊరికో చట్టం చేయించి, ఉమ్మడి భూమికి కంచె వేయించి పంచేసుకున్నారు. 1604 నుంచి 1914 దాకా ఇలాంటి చట్టాలు 5,200 పైచిలుకు. పోయిన భూమి 68 లక్షల ఎకరాలు, ఇంగ్లండులో అయిదో వంతుకి పైనే. అందులో పెద్ద భాగం 1750 తర్వాతి ఎనభై ఏళ్లలోనే పోయింది. అంటే మన గెయిన్స్‌బరో చెట్లు గీస్తున్న రోజుల్లోనే ఆ చెట్ల చుట్టూ కంచెలు లేస్తున్నాయి.

ఇప్పుడు మళ్లీ ఆ బొమ్మలు చూడండి. 1755లో ఓ డ్యూకు గారి కోసం వేసిన చిత్రంలో కట్టెలవాడు పాలమ్మాయిని కబుర్లలో పెడతాడు, వెనక ఎవడో నాగలి దున్నుతుంటాడు. ఎంత ముద్దుగా ఉందో! కానీ ఆ పిల్ల ఆవు ఎవరి బీట్లో మేస్తుంది? ఆ కుర్రాడి కట్టెలు ఎవరి అడవిలోవి? డ్యూకు గారు ఆ బొమ్మ గోడకి తగిలించుకుని రోజూ చూసుకునేవాడు. "నా పల్లెల్లో జనం ఎంత హాయిగా ఉన్నారో" అని ఆయనకి అనిపిస్తే ఆ గోరంత మనుషులు తమ పని తాము చక్కబెట్టినట్టే.

1773లో 'కట్టెలవాడు ఇల్లు చేరడం' అనే బొమ్మ ఉంది. మోపు కింద నడుం వంగిపోయిన మనిషి ఇంటికొస్తున్నాడు, గుమ్మంలో భార్య, పిల్లలు. 1780 నాటి 'గుడిసె గుమ్మం' ఇంకా పేరుమోసింది. ఇప్పుడది అమెరికాలో కాలిఫోర్నియా హంటింగ్టన్ మ్యూజియంలో ఉంది. చంకలో పిల్ల, చుట్టూ పిల్లల గుంపు. అయినా ఆ తల్లి మొహం చూస్తే అప్పుడే మేడ దిగొచ్చిన దొరసానిలా నిగనిగలాడుతుంటుంది. అన్ని కాన్పులు, పొయ్యి ఊదుడు, దూరంనుంచి నీళ్ల మోత తర్వాత ఆ నిగారింపు ఎలా నిలిచిందో మనకెవరైనా రహస్యం చెబితే బాగుండును. పేదరాలి ఆకలి గోడమీద పెట్టుకోవడానికి బాగుండదు కాబట్టి ఆకలి తీసేసి పేదరాల్ని మాత్రం ఉంచారు. అంతే సంగతి.

ఆ రోజుల్లో పల్లె ఆడవాళ్లకి మిగిలిన హక్కు ఇంకొకటుండేది. కోతలయ్యాక చేలో రాలిన కంకులు ఏరుకోవడం. మన పల్లెల్లో పరిగె ఏరడం అంటామే, అదే. తల్లీ పిల్లలూ కలిసి ఏరుకుంటే చలికాలానికి కాస్త పిండి సమకూరేది. సఫోక్ జిల్లాలో టిమ్‌వర్త్ అనే ఊళ్లో 1787లో మేరీ హౌటన్ అనే ఆవిడ ఎప్పట్లాగే చేలో దిగి పరిగె ఏరింది. పొలం మనిషి స్టీల్ ఆమె మీద దావా వేశాడు. 1788లో లండన్లో జడ్జీలు తీర్పు చెప్పారు: పరిగె ఏరుకునే హక్కు ఎవరికీ చట్టప్రకారం లేదు, పొలం ఉన్నవాడు దయ తలిస్తే సరే, లేదంటే లేదు. గౌల్డ్ అనే ఒక్క జడ్జి మాత్రం బైబిల్లో పేదల కోసం పరిగె వదలమని ఉందిగదా అని అడ్డం తిరిగాడు. మిగిలినవాళ్లు వినలేదు.

సఫోక్ అంటే గెయిన్స్‌బరో పుట్టిన జిల్లా. ఆయన పోయిందీ 1788లోనే. ఆయన కన్ను మూసిన ఏడాదే, ఆయన సొంత జిల్లా ఆడమనిషి పేరు మీద, ఆ బొమ్మల్లోని ఆడవాళ్లందరి చేతిలో గింజ లాగేసుకున్నారు. కాకతాళీయమే అనుకోండి. అయినా ఆ తర్వాత 'గుడిసె గుమ్మం' చూసినప్పుడల్లా ఆ పిల్లలకి చలికాలంలో రొట్టె ఎక్కణ్ణుంచి వస్తుందా అని నాకు అనిపించకుండా ఉండదు.

1782లో ఆయనే 'పందిపిల్లల దగ్గర పాప' అని ఓ బొమ్మ వేశాడు. చింపిరి బట్టల పాప మట్టిలో కూచుని, పందిపిల్లలు తాగుతుంటే చూస్తుంటుంది. రెనాల్డ్స్ గారు ముచ్చటపడి 100 గినీలిచ్చి కొనుక్కున్నారు. అప్పట్లో పొలం కూలీకి వారానికి 7, 8 షిల్లింగులు. ఒక్క రోజు కూడా పని తప్పకుండా చేసి, ఒక్క షిల్లింగు తినకుండా దాచుకుంటే, ఆ పాప తండ్రికి అయిదేళ్లకి గాని ఆ పాప బొమ్మ వెల సమకూరదు.

ఈ గొడవ నేనొక్కదాన్నే లేవనెత్తింది కాదు లెండి. 1972లో జాన్ బెర్జర్ అనే ఆయన ఓ చిన్న పుస్తకంలో, టీవీలో కూడా, గెయిన్స్‌బరో వేసిన 'ఆండ్రూస్ దంపతులు' బొమ్మ పట్టుకుని, వీళ్లు ప్రకృతి ప్రేమికులు కారండీ, భూమి సొంతదార్లు అన్నాడు. లారెన్స్ గోయింగ్ అనే పండితుడికి కోపమొచ్చింది. ఆ దంపతులు ప్రకృతిని తాత్వికంగా ఆస్వాదిస్తుంటే ఆస్తిపాస్తుల మాటెందుకు తెస్తావని అడిగాడు. 1980లో జాన్ బారెల్ ఇంకో పుస్తకమే రాశాడు: ఈ దృశ్యాల్లో వెలుగు దొరల మీద పడుతుంది, పేదలు చీకటి పక్కన సర్దుకుంటారు అని. మగవాళ్లు మగవాళ్లు పోట్లాడుకున్నారు, బాగుంది. కానీ ఆ బొమ్మలో ఆడమనిషిగా నాకు కనిపించింది వేరు.

1750 ప్రాంతంలో వేసిన ఆ బొమ్మ ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. ఓక్ చెట్టు కింద బెంచీ మీద నీలం పట్టుగౌనులో ఆండ్రూస్ భార్య ఫ్రాన్సెస్ కూచుంది. పక్కన తుపాకీ చంకలో పెట్టుకుని భర్త, కాళ్ల దగ్గర కుక్క. కుడివైపంతా పొలం, కోసి కట్టిన పనలు వరసగా. కోసిందెవరో, కట్టిందెవరో ఒక్కరూ కనపడరు. ఇక్కడ కరివేపాకు కూడా లేదు, ముందే తీసి పారేశారు! పెళ్లి 1748లో అయింది, అప్పటికి ఆ పిల్లకి పదహారో ఏడు. ఆ ఎస్టేటులో కొంత ఆమె పుట్టింటివాళ్లు కట్నంగా ఇచ్చిందే. మన భాషలో చెప్పాలంటే పసుపుకుంకుమల పొలం. ఇంగ్లీషు చట్టం ప్రకారం పెళ్లయితే పెళ్లాం భూమి మీద పెత్తనం మొగుడిదే. కాబట్టి ఆయన నిలబడ్డాడు, ఆమె కూచుంది. ఆయన చేతిలో తుపాకీ ఉంది. ఆమె ఒళ్లో ఏముందో చిత్రకారుడు పూర్తి చెయ్యకుండా వదిలేశాడు. కొందరు కొట్టిన పిట్ట అంటారు, కొందరు రాబోయే బిడ్డ అంటారు. బొమ్మలో ఖాళీగా మిగిలిపోయింది ఆ ఒడి ఒక్కటే.

ప్రకృతిని తాత్వికంగా ఆస్వాదించడం అంటే ఇదేనన్నమాట!

కొందరు దొరలైతే బొమ్మలో మనుషుల్ని సర్దడంతో ఆగలేదు, నేలమీదే సర్దేశారు. ఆక్స్‌ఫర్డ్ దగ్గర నూనమ్ కోర్ట్‌నీలో హార్‌కోర్ట్ ప్రభువు 1760 ప్రాంతంలో మేడ కట్టుకుని, చుట్టూ ఉద్యానవనం బొమ్మలా ఉండాలని ఊరుకి ఊరే లేపేసి దూరంగా రోడ్డు పక్కకి మార్చాడు. ఒక ముసలావిడ మాత్రం గుడిసె వదిలి రానంటే, పోనీ బతికున్నన్నాళ్లు ఉండమన్నారు. ఆ ఔదార్యాన్ని మెచ్చుకుంటూ ఆస్థానకవి వైట్‌హెడ్ పద్యం కూడా అల్లాడు. ఊరంతా పోయిన సంగతి మర్యాదగా మరుగునపడి, ఒక గుడిసె మిగిల్చిన సంగతి కావ్యమైంది.

ఇక దృశ్యం గీసేవాడు సైన్యం జీతగాడైతే ఎలా ఉంటుందో పాల్ శాండ్‌బీని చూస్తే తెలుస్తుంది. 1746లో స్కాట్లండు కొండ జనాన్ని ఇంగ్లీషు సైన్యం అణగదొక్కాక, ఆ కొండలన్నీ కొలిపించారు. ఆ సర్వేలో పటాలు గీసే ఉద్యోగం కుర్రవాడు శాండ్‌బీకి దొరికింది. 1749లో రానక్ సరస్సు దగ్గర ఆయన గీసిన దృశ్యంలో కొండలున్నాయి, మబ్బులున్నాయి. గోరంత మనుషులు మాత్రం గొర్రెల కాపర్లు కారు, కొలత పరికరాలు పెట్టుకుని నేల కొలుస్తున్న సర్వేవాళ్లు. నిజం చెప్పిన బొమ్మ అంటే నాకు ఇదే. ఈ నేల ఎవరి చేతికి పోతోందో దాచలేదు. ఈ శాండ్‌బీయే 1760లో లండన్ వీధుల్లో సరుకులమ్ముకునేవాళ్లని పన్నెండు బొమ్మలు వేశాడు. వాళ్లకి మొహాలున్నాయి, మొహాల్లో విసుగుంది, ఒళ్లు అలిసిన గుర్తులున్నాయి. కాబట్టి ఆ కాలంలో పేదవాడికి మొహం గియ్యడం ఎవరికీ చేతకాదని నాతో అనకండి. చేతనయింది, చెట్ల మధ్యకొస్తే అక్కర్లేకపోయింది.

ఆ కొలిచే కన్ను మన దాకా కూడా వచ్చింది. స్కాట్లండు లూయిస్ దీవిలో పుట్టిన కాలిన్ మెకంజీ 1783లో మద్రాసులో దిగాడు. దక్షిణాది అంతా కొలిపించాడు, గీయించాడు, కైఫీయతులు రాయించాడు. ఆయనకి కళ్లూ చెవులూ నోరూ అయినవాళ్లు ఏలూరు కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య. 1816లో థామస్ హిక్కీ వేసిన చిత్రంలో మెకంజీ ఎర్రకోటు వేసుకుని ముందుంటాడు, మన లక్ష్మయ్య గారు వెనక నిలబడతారు. అయినా ఆయనకి మొహముంది, పేరుంది, అదే పదివేలు. విలియం హాడ్జెస్ 1780 నుంచి 1783 దాకా మన దేశంలో తిరిగి వేసిన వాటిలో ఒకటుంది: ముందు మడుగులో నీళ్లు పట్టుకుంటున్న మన జనం, దూరాన చెట్ల సందున వారన్ హేస్టింగ్స్ దొర బంగళా. ఎంతో ప్రశాంతంగా ఉంటుంది. అప్పటికి పదేళ్ల ముందే, 1770 కరువులో, ఆ బెంగాల్లోనే లక్షల మంది తిండిలేక చచ్చారు. ఇక డానియల్ మామా అల్లుళ్లు, కాదు కాదు, బాబాయీ అబ్బాయీ, 1786 నుంచి దేశమంతా తిరిగి లండన్లో అచ్చేసిన 144 బొమ్మల్లో గోపురాలు కొండలంత, మనుషులు చీమలంత. వాటి నకళ్లు పెద్ద హోటళ్ల గోడల మీద ఇప్పటికీ వేలాడుతుంటాయి, మన చీమల్ని మనమే చూసి మురుస్తుంటాం.

"అయితే ఏమంటావు, ఈ బొమ్మలన్నీ తగలెయ్యమంటావా?" అంటారేమో. అయ్యో, నేనెందుకంటాను! గెయిన్స్‌బరో చెట్టు నాకు కావాలి. ఆ చెట్టు కింద కూచున్నవాడు కూడా కావాలంటున్నాను. కన్ను చెట్టుకి తిరిగిపోయే ముందు ఇంకాసేపు అతని దగ్గర ఆగితే తప్పేమిటంటున్నాను. ఆగకూడదని కట్టుదిట్టంగా సూత్రాలు రాసిన మనిషి ఒకాయన ఉన్నాడు, ఆయన సంగతి చెప్పకుండా వదలను.

విలియం గిల్పిన్ పాదిరీ, బడిపంతులు కూడాను. చూసిన ప్రతిచోటా ఇది బొమ్మకి పనికొస్తుందా రాదా అని తూచేవాడు. నీతి ప్రకారం చూస్తే కష్టపడి పనిచేసే మనిషి మెచ్చదగ్గవాడే గాని, బొమ్మకి మాత్రం పనీపాటా లేకుండా చేరగిలబడ్డ పల్లెటూరివాడే అందమని 1786లో పుస్తకంలో రాశాడు. ఆయన గీతల్లో మనుషులుంటే గింటే రెండు మూడు కుంచె తాకిళ్లు, అంతే. 1770లో వై నది మీద పడవలో వెళ్లి టింటర్న్ అనే పాతకాలపు మఠం శిథిలాలు చూశాడు. 1782లో ఆ యాత్ర పుస్తకంగా వేశాడు. ఆ శిథిలాలు చాలావరకు నచ్చాయి గాని, గోడల త్రికోణపు కొనలు మరీ తిన్నగా ఉన్నాయిట. సుత్తితో కాస్త నేర్పుగా కొడితే బొమ్మకి బాగుంటుందని సలహా!

అదే పుస్తకంలో, ఆయన రసికత కాసేపు ఏమరుపాటుగా ఉన్నప్పుడు, ఓ ముసలావిడ చొరబడింది. ఆ శిథిలాల మధ్యే పూరిపాకలు వేసుకుని బిచ్చమెత్తుకునేవాళ్లలో ఒకతె. సన్యాసుల గ్రంథాలయం చూపిస్తాను రండి దొరా అని ముందు నడిచింది. కాళ్లు పడిపోయి, ఒళ్లు కుంచించుకుపోయి, రెండు కర్రల మీద ఈడ్చుకుంటూ. పాడుబడ్డ గుమ్మం దాటి, దురదగొండి ఆకులు, ముళ్లకంపలు దాటి వెళితే, పైన చూరుకి మారుగా పాత కమాను మిగిలిన ఓ గుహలాంటి గది. పుస్తకాలూ లేవు, ఏమీ లేవు. అది ఆమె ఇల్లు. ఆమె చెప్పాలనుకున్న కథా ఆమెదే. గోడలంట రంగురంగుల చెమ్మ కారుతోంది. అడుగేస్తే మట్టినేల మెత్తగా దిగిపోతోంది. చెంబు లేదు, తపేలా లేదు. నాలుగు గుడ్డపేలికలు పరిచిన మంచం ఒక్కటే ఉంది, అదీ గోడల చెమ్మ తగలకుండా గది మధ్యకి లాగి ఉంది.